బంతి ఇచ్చినవాడికి ఏం మిగిలింది?

తులసీదాస్ బలరాం పెద్ద స్థాయి ఫుట్‌బాల్ ఆడింది గట్టిగా ఎనిమిదేళ్లు. ఆట ఆగిపోయాక బతికింది దాదాపు అరవై ఏళ్లు. 1936 అక్టోబరు 4న సికింద్రాబాద్ దండు ప్రాంతంలోని అమ్ముగూడలో పుట్టి, 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో 86 ఏళ్ల వయసులో కన్నుమూసిన మనిషి జీవితంలో మైదానానికి దక్కిన వాటా అంతే. రెండు ఒలింపిక్స్, ఒక ఆసియా క్రీడల బంగారు పతకం, ఒక అర్జున అవార్డు, కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్సీ అన్నీ ఆ చిన్న ముక్కలోనే ఇరుక్కుని ఉన్నాయి. మిగతా అరవై ఏళ్లను ఏమనాలి?

మనిషంటే అతను చేసే పనేనా, పని చేతిలోంచి జారిపోయాక మిగిలేది ఎవరు అన్నది పాత ప్రశ్నే. రైతు డెబ్బై ఏళ్లకూ మడి గట్టు మీద నిలబడి కూలీలకు పని చెప్పగలడు. గాయకుడు అరవై దాటాక కూడా కచేరీ చేస్తాడు. వింగర్‌కు ఆ వెసులుబాటు లేదు. టచ్‌లైన్ పక్కన గాలిలా దూసుకుపోవడమే అతని పని. ఆ వేగం తగ్గిన రోజు, బుర్రలో ఆట ఎంత పదునుగా ఉన్నా, జట్టులో చోటు పోతుంది. శాస్త్రం వానప్రస్థానికి యాభై ఏళ్ల దాకా గడువిస్తే, లెఫ్ట్ ఔట్‌కు, అంటే ఎడమవైపు వింగర్‌కు, అది ముప్పై దాటగానే ఎదురొస్తుంది. బలరాంకు ఇంకా ముందే, 27 ఏళ్లకే వచ్చింది.

రాయలసీమలో రామసముద్రం, పుంగనూరు, మదనపల్లె చుట్టుపక్కల ఫుట్‌బాల్ మాట తక్కువే వినిపిస్తుంది. కానీ ఈ ప్రశ్న మాత్రం ఆ నేలకు కొత్త కాదు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలో. పేరు, పదవి, బహుమతి అన్నవి మనిషి మనసును ఏం చేస్తాయో ఆయన జీవితాంతం అడుగుతూనే ఉన్నారు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. ఊపిరితిత్తుల జబ్బుతో పని ఆగిపోయినవాళ్లు దేశం నలుమూలల నుంచి వచ్చి నెలల తరబడి మంచం మీద గడిపిన చోటది. ఇంకాస్త ఉత్తరంగా వెళితే కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి. బలరాం కథను ఈ ముగ్గురు పొరుగువాళ్ల మధ్య పెట్టి చూస్తే, దూరం నుంచి కనిపించనివి కొన్ని కనిపిస్తాయి.

బలరాం తల్లిదండ్రులు తమిళులు. తల్లి పేరు ముత్తమ్మ, తండ్రి తులసీదాస్ కాళిదాస్. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగూ ఉర్దూ కలిసి వినిపించే దండు వాతావరణం, తర్వాత బతుకంతా బెంగాల్. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో పుట్టి పెరిగినవాళ్లకు ఇలాంటి బతుకు వింతగా తోచదు. ఫలానా భాషవాడు అని ఒక్క ముద్ర వేయలేని మనుషులు అక్కడ ఇంటింటా ఉంటారు. అయితే ఇలాంటి మనిషికి ఒక ఇబ్బంది ఉంది. పేరొచ్చినప్పుడు అందరూ మావాడే అంటారు. అవసరం వచ్చినప్పుడు ఎవరి మనిషన్నది తేలదు.

ఈ కుర్రాణ్ని పట్టుకున్నది సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టిన బడిపంతులు, 1950 నుంచి చనిపోయేదాకా భారత జట్టుకు కోచ్. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. అమ్ముగూడ నుంచి మైదానానికి రావడానికి డబ్బుల్లేని బలరాంకు రహీం సాబే సైకిల్ ఏర్పాటు చేశారని హైదరాబాద్ ఫుట్‌బాల్‌వాళ్లు చెప్పుకుంటారు.

రహీం బోధనలో ఒక విశేషం ఉంది. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో ఆయన ప్రత్యేకంగా పోటీలు పెట్టించేవారు. బంతి కాలికి తగిలిన వెంటనే ఇంకొకరికి అందించాలి. అలవాటు లేని కాలితోనే తన్నాలన్న నియమంతో ఇంకో రకం పోటీలు నడిపేవారు. కోచ్ కంటితో చూస్తే ఇది పాస్‌ల సాధన. కాస్త పక్కనుంచి చూస్తే అహంకారానికి వేసిన కళ్లెం. వింగర్ అన్నవాడికి బంతి దొరికితే వదలబుద్ధి కాదు. ఇద్దరు ముగ్గురిని తప్పించి పక్కకు పడేస్తే మైదానం చుట్టూ ఈలలు, చప్పట్లు. ఆ చప్పట్ల కోసం నాలుగో మనిషిని కూడా తప్పించబోయి బంతి పోగొట్టుకునేవాళ్లకు లెక్కలేదు. వాళ్లకు రహీం నేర్పింది, కాళ్లలో ఎంత విద్య ఉన్నా వదిలేయాల్సిన క్షణం రాగానే బంతిని వదిలేయడం.

వింగ్ అన్న స్థానమే చిత్రమైనది. మైదానంలో అందరికన్నా అంచున నిలబడేవాడు వింగర్. గోల్ మధ్యలో ఉంటుంది, ఇతని దారి పక్కనుంచి. గీత దాటితే బంతి పోతుంది కాబట్టి అతనికి ఒక వైపు ఎప్పుడూ గోడే. ఊపిరి బిగబట్టి చివరిదాకా పరిగెత్తి, బంతిని తిరగేసి మధ్యలోకి పంపితే, దాన్ని తలతోనో కాలితోనో లోపలికి నెట్టేది ఇంకొకడు. స్కోరు పట్టీలో ఎక్కేది ఆ ఇంకొకడి పేరే. ఆ రోజుల్లో గోల్‌కు బంతి అందించినవాడి పేరు రాసిపెట్టే అలవాటు కూడా లేదు. కర్మ ఒకరిది, ఫలం వేరొకరిది అన్న మాట ఈ ఆటలో వేదాంతం కాదు, రోజూ జరిగే పని.

బలరాం గోల్స్ కొట్టని వింగర్ మాత్రం కాడు. లెఫ్ట్ ఔట్‌గానూ, కాస్త లోపలగా ఇన్‌సైడ్ లెఫ్ట్‌గానూ ఆడేవారు. 1956-57లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ జట్టులో ఉన్నారు. 1956 చివర్లో, ఇరవై ఏళ్లు నిండిన కొద్ది వారాలకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో ఓడి, నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ చేరిన ఎత్తు ఇప్పటికీ అదే.

మరుసటి ఏడాది ఈస్ట్ బెంగాల్ పిలిచింది. 1961లో ఆయన కెప్టెన్‌గా ఉండగా క్లబ్బు కలకత్తా లీగు గెలిచింది. ఆ సీజన్లో 23 గోల్స్‌తో లీగు మొత్తంలో ఎక్కువ గోల్స్ కొట్టింది ఆయనే. అంతకు ముందు ఏడాది, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ చేతిలో భారత్ 1-2తో ఓడినప్పుడు మన గోల్ బలరాందే. ఎదురుగా ఉన్నది సామాన్యమైన జట్టు కాదు. 1967లో యూరప్ ఉత్తమ ఆటగాడిగా బాలన్ డోర్ అందుకున్న ఫ్లోరియన్ ఆల్బర్ట్ అందులో ఉన్నాడు. పెరూ చేతిలో 1-3తో ఓడిన మ్యాచ్‌లోనూ మన ఒక్క గోల్ బలరాందే.

ఆ తర్వాత జకార్తా.

1962 ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను రానివ్వని ఇండొనేసియా తీరును భారత క్రీడాధికారి గురుదత్త సోంధీ తప్పుపట్టారు. దాంతో జకార్తాలో మనవాళ్ల మీద కోపం రగిలింది. భారత రాయబార కార్యాలయం మీద గుంపు దాడి చేసింది. సెప్టెంబరు 4న ఫైనల్ రోజు సెనయన్ స్టేడియంలో దాదాపు లక్ష మంది ఉంటే, దాదాపు అందరూ భారత్ ఓడిపోవాలని కోరుకుంటున్నవాళ్లే. జాతీయ గీతానికి కూడా అరుపులు, ఎగతాళి తప్పలేదు. భారత్‌కు మద్దతుగా వినిపించిన గొంతులు ఎవరివంటే, స్టేడియంలో కూర్చున్న పాకిస్తాన్ హాకీ జట్టువాళ్లవని ఆ రోజు ఆడినవాళ్లు ఏళ్ల తర్వాత కూడా తలచుకున్నారు. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం డిఫెన్స్ నుంచి తీసి ఫార్వర్డ్‌గా దింపారు. కుడివైపు పి.కె. బెనర్జీ, లోపల కెప్టెన్ చూని గోస్వామి, ఎడమవైపు బలరాం. అంతకు ముందు గ్రూపు మ్యాచ్‌లో 0-2తో ఓడిన దక్షిణ కొరియా మీదే ఈసారి 2-1తో గెలిచారు. గోల్స్ పి.కె.వి, జర్నైల్‌వి.

లక్ష మంది తిడుతుంటే గెలిచిన మనిషికి ఆ లక్ష మంది లెక్క అప్రస్తుతమని ఆ ఒక్క సాయంత్రం బలరాంకు తెలిసే ఉంటుంది. స్తుతినీ నిందనూ సమంగా చూసేవాణ్ని భగవద్గీత పొగుడుతుంది. పద్దెనిమిది అధ్యాయాలు చదివినవాళ్లలో కూడా ఎక్కువమందికి పట్టుబడని స్థితి అది. తొంభై నిమిషాలు బంతి మీదే కన్నున్న ఆటగాడికి అది దానంతట అదే దొరుకుతుంది. చిక్కంతా ఆ తొంభై నిమిషాలు అయ్యాకే.

రహీం సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు. 1963 జూన్ 11న చనిపోయారు. అదే ఏడాది బలరాం ఈస్ట్ బెంగాల్ వదిలి రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.కు మారారు. అదే ఏడాది ఊపిరితిత్తుల జబ్బు ఆయన ఆటను ఆపేసింది. గురువూ పరుగూ ఒకే ఏడాది పోయాయి.

ఆ కాలంలో ఊపిరితిత్తుల జబ్బు అన్న మాట వింటే ఏ ఇంటివాళ్లకైనా గుండె జారేది. దాని భయం మదనపల్లె ప్రాంతానికి బాగా తెలుసు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో, మిషనరీ సంఘాలు కలిసి కట్టిన ఆరోగ్యవరం శానిటోరియం వందేళ్లకు పైగా అక్కడ నిలిచి ఉంది. మనదేశంలో బి.సి.జి. టీకాలు మొదలైంది కూడా 1948లో మదనపల్లెలోనే. మందులు రాకముందు శానిటోరియంలో వైద్యమంటే పొడి గాలి, మంచి తిండి, కదలకుండా పడుకోవడం. మందులొచ్చాక మద్రాసులో చేసిన ఓ అధ్యయనం, ఇంట్లో ఉండి మందు వాడినా శానిటోరియంలో ఉన్నంత గుణం కనిపిస్తుందని 1959లో తేల్చేదాకా రోగికి దొరికిన ముఖ్యమైన సలహా ఒకటే: కదలొద్దు. కదలడమే తన ఉనికి అనుకున్నవాడికి ఆ సలహా ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కఠోపనిషత్తు శరీరాన్ని రథమంది, ఇంద్రియాలను గుర్రాలంది, ఆత్మను రథంలో కూర్చున్నవాడంది. వినడానికి బాగుంటుంది. గుర్రాలు కూలబడిన రోజున రథికుడు క్షేమంగా ఉన్నాడని చెబితే 27 ఏళ్ల మనిషికి ఊరట కలుగుతుందా? పరుగు ఆగినా నువ్వు నువ్వే అన్న మాట నిజం కావచ్చు. పొద్దున లేచి ఏం చేయాలో మాత్రం అది చెప్పదు.

ఈ విషయం కృష్ణమూర్తికి తెలిసినంత బాగా ఎక్కువమందికి తెలియదు. ఆయన తమ్ముడు నిత్యానంద క్షయతో 1925 నవంబరులో కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో చనిపోయాడు. నిత్యకు ఏమీ కాదని, దివ్యజ్ఞాన సమాజపు మహాత్ములు కాపాడతారని కృష్ణమూర్తికి నమ్మకం కలిగించారు. ఓడలో ఇండియాకు వస్తుండగా మరణవార్త అందింది. అప్పటిదాకా ఇతరులు చెప్పిన ఓదార్పు మీద నిలబెట్టుకున్న విశ్వాసం అక్కడ చిట్లిపోయింది. నాలుగేళ్లకు, 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి పెట్టిన తారా సంఘాన్ని వేలమంది ముందు ఆయనే రద్దు చేశారు. భూములు, భవంతులు ఇచ్చినవాళ్లకు తిరిగి వెళ్లాయి.

పోల్చడం మీద కృష్ణమూర్తి చెప్పింది బలరాం విషయంలో నేరుగా తగులుతుంది. ఒకణ్ని ఇంకొకడితో కొలవడం మొదలైన చోట ఇద్దరూ కనిపించకుండా పోతారని, బహుమతి ఆశ పెట్టి నేర్పిన చదువు భయాన్నే నేర్పుతుందని ఆయన ఊరూరా చెప్పారు. మదనపల్లె పక్కన రిషీవ్యాలీ బడి ఆ ఆలోచనలోంచే పుట్టింది.

మరి బలరాం పేరు పోలిక లేకుండా ఎప్పుడైనా వినిపించిందా? పి.కె., చూని, బలరాం. భారత ఫుట్‌బాల్ రాతల్లో ఈ మూడు పేర్లు త్రిమూర్తుల్లా కలిసే వస్తాయి. మైదానంలో ముగ్గురిదీ సమాన స్థాయి. అర్జున అవార్డు పి.కె.కు 1961లో, బలరాంకు 1962లో, చూనికి 1963లో వచ్చింది. తేడాలు ఆట ముగిశాక మొదలయ్యాయి. పి.కె. కోచ్‌గా రెండో జన్మ ఎత్తారు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టును తీర్చిదిద్దినవాళ్లలో ఆయన ఒకరు. చూని క్రికెట్‌లోకి వెళ్లి బెంగాల్ రంజీ జట్టుకు కెప్టెన్ అయ్యారు. చూనికి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. ఆయన రైల్వే ఉద్యోగం చేసుకుని, హుగ్లీ నది ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఒక ఫ్లాట్‌లో ముసలితనం గడిపారు. పద్మశ్రీ రానందుకు నొప్పిని ఆయన దాచుకోలేదు. ఒకప్పుడు తాను నడిపిన క్లబ్బు మీద కినుకను కూడా దాచుకోలేదు. అడిగినవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పారు.

ఇక్కడే అసలు తగువు. ఆ నొప్పి అజ్ఞానమా? ఫలం మీద ఆశ వదులుకోలేకపోయిన బలహీనతా?

మన దగ్గర ఇలాంటి మనిషి కనిపిస్తే మొదట వినిపించే మాట ఒకటుంది: పోనీలే సామీ, నీ పని నువ్వు చేసినావు, ఫలం దేవుడికి వదిలేయి. భగవద్గీత రెండో అధ్యాయం నలభై ఏడో శ్లోకం తెలుగు నేల మీద ఇంటింటికీ తెలుసు. కర్మ చేయడం వరకే నీ హక్కు, ఫలం మీద కాదు అని దాని సారం. ఈ శ్లోకం ఎవరితో చెప్పిందో ఒకసారి చూడాలి. విల్లు పట్టుకుని నిలబడ్డవాడితో, పని చేయాల్సినవాడితో చెప్పింది. పని చేయించుకున్నవాడితో చెప్పింది కాదు. కూలి ఇవ్వాల్సిన ఆసామి సాయంత్రం గట్టు మీద నిలబడి కూలీలకు నిష్కామ కర్మ బోధిస్తే ఊళ్లో ఎవరూ ఊరుకోరు. ఆటగాడి విషయంలో మాత్రం దేశం, సంఘం, క్లబ్బు ఆ పనే నిస్సంకోచంగా చేస్తాయి.

అదే గీత మూడో అధ్యాయంలో ఇంకో మాట ఉంది. దానికి ఇంత ప్రచారం లేదు. పన్నెండో శ్లోకంలో కృష్ణుడు, ఇచ్చినవాళ్లకు తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాణ్ని దొంగ కింద లెక్కకట్టాడు. అక్కడ ప్రస్తావన యజ్ఞానిది, దేవతలది. కానీ సూత్రం ఇచ్చిపుచ్చుకోవడానిది. ఇచ్చేవాడు ఆశపడకూడదన్నది ఒక ధర్మం, పుచ్చుకున్నవాడు మరచిపోకూడదన్నది ఇంకో ధర్మం. రెండూ ఒకే గ్రంథంలో, పక్కపక్క అధ్యాయాల్లో ఉన్నాయి. మొదటిదాన్ని బలరాంకు అప్పజెప్పి, రెండోదాన్ని మనం చదవకుండా పుట తిప్పేశాం.

వైరాగ్యం విషయంలోనూ ఇదే పొరపాటు. కృష్ణమూర్తి 1929లో వదిలేసింది తన చేతిలో ఉన్నదాన్ని. వేలమంది శిష్యులు, ఆస్తులు, జగద్గురువన్న పేరు, అన్నీ అప్పటికి ఆయనవే. కాబట్టి ఆ త్యాగానికి అర్థముంది. బలరాంకు దక్కనిదాన్ని వదిలేయమంటే ఏం వదులుతాడు? పద్మశ్రీని వెనక్కి పంపడానికైనా ముందు అది ఇంటికి రావాలి కదా. లేనివాడి చేతిని చూపించి త్యాగి అనడం, వాడి కడుపు మాడ్పును ఉపవాసం అన్నట్టుంటుంది.

అయితే ఎదుటి వాదానికీ బలం ఉంది. దాన్ని దాటేయడం సరికాదు. గుర్తింపు రాని బాధ న్యాయమైనదే కావచ్చు, కానీ అది కాల్చేది ఎవరిని? ఇవ్వనివాళ్లను కాదు, రానివాణ్నే. ఏళ్ల తరబడి ఒక కినుకను మోయడం వల్ల ఢిల్లీలో ఏ ఫైలూ కదలదు. మనసు మాత్రం అరిగిపోతుంది. ఇలాంటి మాటలు కృష్ణమూర్తి వింటే, పతకం ఇమ్మని గానీ వద్దని గానీ అనరు. ఆ గాయపడ్డది ఎవరు, తన గురించి తాను కట్టుకున్న బొమ్మే కదా అని నిదానంగా అడుగుతారు. ప్రశ్న గట్టిదే. జకార్తా మైదానంలో పరిగెత్తుతున్నప్పుడు ఆ బొమ్మ లేదు. ఉంటే అంత హోరులో కాలు ఆడేది కాదు. అది తర్వాత, ఖాళీ గదిలో తయారైంది.

కాబట్టి ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. వాటిని కలిపేయడం వల్లే తికమక. బలరాం తన లోపల ప్రశాంతంగా ఉండగలిగారా అన్నది ఆయన సొంత సాధన, దాని మీద తీర్పు చెప్పే హక్కు బయటివాళ్లకు లేదు. ఆయనకు ఇవ్వాల్సింది మనం ఇచ్చామా అన్నది మన లెక్క. మొదటి ప్రశ్నకు ఆయన పూర్తిగా నెగ్గినా, జనకుడంతటి విరాగి అయినా, రెండో ప్రశ్నలో మన అప్పు పైసా తగ్గదు. వేదాంతం మనిషిని బాధ నుంచి విడిపించడానికి పుట్టింది. బాకీదారుణ్ని బాకీ నుంచి విడిపించడానికి దాన్ని వాడుకుంటే అది వేదాంతం కాదు, ఎగవేత.

ఈ కథ మనదేశానికే పరిమితం కాదు. బ్రెజిల్ రైట్ వింగర్ గారించా పుట్టుకతోనే వంకర కాళ్లవాడు. ఆ కాళ్లతోనే 1958, 1962 ప్రపంచ కప్పులు తెచ్చాడు. అతనూ పెలే కలిసి ఆడిన ఏ మ్యాచ్‌లోనూ బ్రెజిల్ ఓడలేదు. ఆట అయ్యాక తాగుడు మింగేసింది. 1983 జనవరిలో, 49 ఏళ్లకే చనిపోయాడు. శవాన్ని మరకానా స్టేడియంలో ఉంచితే జనం పోటెత్తారు. చివరి ఏళ్లలో అతని గడప తొక్కనివాళ్లు కూడా అందులో ఉండే ఉంటారు. పితరుల పేరుతో కాకులకు పెట్టే పిండాలను వేమన ఊరికే ఎద్దేవా చేయలేదు.

ఇంగ్లండ్ వింగర్ స్టాన్లీ మాథ్యూస్ దారి వేరు. యాభై ఏళ్లు దాటిన అయిదో రోజున, 1965 ఫిబ్రవరి 6న ఫస్ట్ డివిజన్ మ్యాచ్ ఆడాడు. సర్ బిరుదు ఆటగాడిగా ఉండగానే అందుకున్నాడు. తర్వాత దక్షిణాఫ్రికా వెళ్లి, జాతివివక్ష చట్టాలు కొనసాగుతున్న రోజుల్లోనే సొవెటోలో నల్లజాతి పిల్లలకు ఆట నేర్పాడు. ఆ పిల్లల జట్టును 1975లో బ్రెజిల్ తీసుకెళ్లాడు. వింగర్ ముసలితనం ఇలా కూడా గడవవచ్చని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. మాథ్యూస్ స్వభావం గొప్పది కాబట్టే అంతా కుదిరిందనుకోవడం మాత్రం పొరపాటు. అతని ఊపిరితిత్తులు 27 ఏళ్లకు మొరాయించలేదు. అతని దేశం అతను ఆడుతుండగానే నమస్కారం పెట్టింది. ఈ రెండూ చేతిలో ఉన్నవాడికి తర్వాతి బతుకు ఇతరులకు పంచడం కాస్త తేలిక.

బలరాం చనిపోయిన మరుసటి ఏడాది, 2024 ఏప్రిల్లో, రహీం సాబ్ మీద అజయ్ దేవ్‌గణ్ నటించిన 'మైదాన్' సినిమా వచ్చింది. అందులో బలరాం పాత్ర కూడా ఉంది. హాల్లో చూసినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్లు అబద్ధమని ఎవరూ అనరు. అవి ఆయన బతికుండగానే ఉత్తర్‌పాడా ఫ్లాట్ తలుపు తట్టి ఉంటే, వాటికి విలువ ఇంకా ఎక్కువ ఉండేది.

పద్మశ్రీ ఇక బలరాం చేతికి అందేది కాదు. రామసముద్రం, పుంగనూరు, కుప్పం ఊళ్లలో చేయగలిగింది వేరే ఉంది. ఫుట్‌బాల్ లేకపోవచ్చు గానీ, వాలీబాల్, కబడ్డీ, ఖోఖోలలో జిల్లాకు, రాష్ట్రానికి ఆడి వచ్చి, ఇప్పుడు టమోటా తోటలోనో, పాల డిపో దగ్గరో, బడి వ్యాయామ ఉపాధ్యాయుడిగా రిటైరై అరుగు మీదో కూర్చున్నవాళ్లు ఈ మండలాల్లో లేకపోరు. వాళ్లను వెతికి కనుక్కోండి. బడి వార్షికోత్సవానికి ఎమ్మెల్యేకు వేసిన కుర్చీ పక్కన వాళ్లకూ ఒకటి వేయండి. ఏ ఏడాది, ఎక్కడ, ఎవరి మీద ఆడారో వాళ్ల నోట విని బడి రికార్డులో పేరుతో సహా రాసిపెట్టండి. ఒంట్లో బాగాలేకపోతే ఆస్పత్రి ఖర్చు గురించి అడగండి. వాళ్లు ఏమీ వద్దంటే అది వాళ్ల పెద్దమనసు. అడగడం మానేయడానికి మాత్రం ఆ మాటను సాకు చేసుకోకండి.